వెలుగుకి కట్టిన చీటీ

ఆమదాలవలస,
ఆగస్టు 11

మహారాజశ్రీ గోగునార విద్యావిశారద, నెల్లిమర్ల గొడౌను న్యాయమూర్తి, మా అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు అయిన కూర్మయ్య మావయ్య సముఖానికి మేనల్లుడు దేవేంద్ర నమస్కరించి పెట్టుకునే అర్జీ.

ఇక్కడ అందరం కులాసా. నాన్నకి ఒక్కరికే నన్ను చూసినప్పుడల్లా ఒంట్లో బాగుండటం లేదు.

ఫోన్ చేస్తే నువ్వు వినవు. "మాట గాలికి పోతాది, కాయితం మీద పెట్టు" అని పెట్టేస్తావు. ముప్ఫై ఏళ్ళుగా నార రకం తేల్చి, కట్టకి చీటీ కట్టనిదే గొడౌను గుమ్మం దాటనివ్వని మనిషివి. మేనల్లుడి గోడు మాత్రం చీటీ లేకుండా ఎలా వింటావు? అందుకే కాగితం.

విషయమేమిటంటే, మన ఇంటి ముందుగదిలో సముద్రం వెలిసింది. నాలుగడుగుల గాజు తొట్టె, అందులో పగడాలు. ఉంగరంలో పొదిగేవి కావు, ప్రాణమున్నవి. సముద్రంలోంచి విరిచి తెచ్చినవీ కావు. విశాఖపట్నంలో ఒకాయన తొట్టెల్లో పెంచి ముక్కలుగా ఇస్తాడు. వాటి ఇంగ్లీషు పేర్లకి నోరు తిరగక అమ్మే బారసాల చేసింది: బొత్తాలు, పుట్టగొడుగులు, ముసలమ్మ చెయ్యి. నాన్న చూసి ఒకటే మాట అన్నారు: "కళింగపట్నం ఎల్తే సముద్రం ఊరికినే సూపిస్తారు కదరా. ఇంట్లోకెందుకు తెచ్చినావు?"

ఎందుకంటే, మావయ్యా, నేను ఈ పని మీద బతుకుదామనుకుంటున్నాను. శ్రీకాకుళంలో డాక్టర్ అనూరాధ గారు తమ ఇంట్లో ఇలాంటి తొట్టె పెట్టించుకుంటానన్నారు. కార్తీకమాసం వెళ్ళేలోగా వచ్చి మనది చూస్తారు. పగడాలు పువ్వుల్లా విచ్చుకుని ఉంటే ఆవిడ ఇంటి పని నాది. లేదంటే మర్నాడే బియ్యం కొట్లో నాన్న పక్కన కూర్చోవాలి. ఇది నాన్న వెంకటరావు గారి శాసనం, అప్పీలు లేదు. బీఎస్సీ జువాలజీ చదివినవాడు సోనామసూరికీ స్వర్ణకీ తేడా చెబుతూ ముసలివాడవుతాడు.

ఇదంతా వెలుగు మీద ఆధారపడి ఉంది. ఈ పగడాల ఒంట్లో కంటికి కనపడని నాచు ఉంటుంది. వెలుగు పడితే అది వంట చేస్తుంది, పగడం తింటుంది. వెలుగు తక్కువైతే పస్తు. ఎక్కువైతే వంటవాడికి ఒళ్ళు మండి ఇల్లు వదిలి పోతాడు. విశాఖ ఆయన రెండు లైట్లు ఇచ్చాడు, ఒకటి ఉంచుకుని ఒకటి తిరిగి ఇచ్చెయ్యమని. ఒకటి పొడుగాటి పట్టీ లైటు, సాధువు. రెండోది గొలుసుతో వేలాడే కుండ లైటు, దుర్వాసుడు. నూటికి ఎన్ని వంతుల వెలుగు కావాలో తిప్పుకోవడానికి రెండిటికీ మీట ఉంది. రెండిట్లోనూ నీలమే ఎక్కువ. వెలుగు కొలిచే మీటరు కూడా అద్దెకిస్తానన్నాడు. "మా మావయ్య కన్ను ఉండగా మీటరెందుకండీ" అన్నాను.

అబద్ధమా? ఈ ఇంట్లోకి రంగున్న వస్తువేదైనా నీ కన్ను పడకుండా వచ్చిందా? అమ్మ పట్టుచీరలు, గోడల రంగులు, ఆఖరికి అక్కకి కాబోయే మొగుడి ఒంటిచాయ కూడా నువ్వే తేల్చావు. కాబట్టి ఒక ఆదివారం దయచేసి ఈ వెలుగుకి కూడా చీటీ కట్టవలసిందని ప్రార్థన.

నీ మేనల్లుడు,
దేవేంద్ర


నెల్లిమర్ల,
ఆగస్టు 19

ఒరే దేవేంద్రా,

నీ కాయితం అందినాది. కుడిసెయ్యి నార కోసుకుపోయి కట్టు కట్టినారు. నేను సెప్తన్నాను, మా గుమస్తా హరిబాబు రాస్తన్నాడు. నీది సదివి వినిపించింది కూడా ఆడే. కళ్ళజోడు ఇంటికాడ మర్సిపోనాను.

అన్ని మాటలెందుకురా? లైటు సూడ్డానికి రా మావా అంటే సాలదేటి? మీ నాన్న సంగతి నాకు ఒగ్గీ. కొట్లో కూకోడం తప్పు పని కాదు గానీ, మనసు లేనోడిని కూకోబెడితే బియ్యంలో రాళ్ళు కలిపినట్టే.

మీ అత్త జగ్గమ్మ ఫోనుకి ఫొటోలు పంపినావంట. సూసి పొంగిపోనాది. నాకు సూపించొద్దన్నాను. ఫోనులో రంగు అబద్దమాడతాది.

ఒక మాట. నార సూసేవోడికి లైట్లేటి తెలస్తాయిరా? ఆ మీటరేదో తెచ్చుకోరాదేటి? ఎందుకొచ్చిన గొడవ. రానంటే మీ అమ్మ ఏటనుకుంటాదో. సర్లే, వస్తాన్లే. వచ్చే నెల్లో, ఆదివారం పాసింజరుకి.

చీటీ
కట్ట: దేవేంద్ర ఉత్తరం.
మెరుపు: ఉన్నాది.
బలం: లాగి సూడాల.
రకం: తర్వాత సెప్తాను.

కూర్మయ్య

దేవేంద్ర గారికి హరిబాబు నమస్కారాలు. మీ ఉత్తరం చదువుతుంటే కాటా దగ్గరివాళ్ళంతా పని ఆపి విన్నారు. దుర్వాసుడి దగ్గర షావుకారు గారు కూడా నవ్వారు. తరచూ రాస్తుండండి.


ఆమదాలవలస,
సెప్టెంబరు 16

వెలుగుకే వెలుగు చూపిన మావయ్యకి,

(హరిబాబు గారూ, మీకు నా నమస్కారాలు. ఇకమీదట ఇలా బ్రాకెట్లలో ఉన్నది మీకు. పైకి చదవకండి. నవ్వు రావలసిన చోట ఆగడం మాత్రం మరిచిపోకండి.)

నిన్న నువ్వు రైలెక్కాక కూడా ఇల్లంతా నీ మాటే. తొట్టె ముందు స్టూలు వేసుకుని కూర్చున్నావు. నేను సాధువుని వెలిగించాను. అరగంట చూసి నువ్వన్న మాట చరిత్రలో నిలిచిపోతుంది: "ఇంకా ఎయ్యలేదేటిరా?"

(ఇక్కడ ఆగండి.)

వేశానంటే, "ఈ దీపానికి పువ్వులు పూస్తాయేటి? సద్దన్నం తిన్నోడి మొకంలాగున్నాది" అన్నావు. సాధువుకి డిస్మిస్. దుర్వాసుణ్ణి తగిలించి ముప్ఫై దగ్గర పెట్టాను. లైటుతో వచ్చిన పుస్తకంలో ముప్ఫై దగ్గర మొదలుపెట్టి వారాల తరబడి మెల్లగా పెంచమని ఉంది. "తిప్పు" అన్నావు. యాభై. "తిప్పరా." డెబ్భై. నేను పుస్తకం తెరిచాను. నాన్న కొట్లోంచి వచ్చి నీ వెనక నిలబడి, "మా బావమరిది సూస్తుంటే పుస్తకమేటి నీ మొకం" అన్నారు. మూసేశాను. తొంభై దగ్గర నువ్వు ముందుకి వంగి, "ఆఁ. ఇప్పుడు కనిపిస్తన్నాది" అన్నావు. గది గదంతా నీలంగా ఉంది. నాన్న ముఖం కూడా శ్రీకృష్ణుడి ముఖంలా ఉంది.

ఈ ఉదయం సాధువుని విశాఖకి తిప్పి పంపేశాను. మీటరు అక్కర్లేదని మళ్ళీ చెప్పేశాను.

ఒక చిన్న సందేహం. నార కోసుకున్న నీ కుడిచేతితోనే మా ఇంట్లో శుభ్రంగా పులిహోర తిన్నావు. కట్టు రైలు దిగాక మళ్ళీ కట్టుకుంటావా?

దేవేంద్ర


నెల్లిమర్ల,
సెప్టెంబరు 27

ఒరే,

సెయ్యి అప్పుడు మానిపోనాది. మళ్ళీ తెగినాది. నారతో పని, తెగదేటి?

మీ అమ్మ కలిపిన పులిహోర బాగున్నాదని సెప్పు. లైటు అలాగే ఉంచు. ముందు నాకు సెప్పకుండా ఏదీ తిప్పీకు. అయినా ఆ విశాఖ ఆయన్ని ఒకపాలి ఇంటికి పిలిచి సూపిస్తే తప్పేటి? నాకు తెలీక కాదు. రెండు కళ్ళకన్నా నాలుగు నయం కదా.

కూర్మయ్య

మనవి: చేతికట్టు దగ్గర అందరూ నవ్వారు. కూర్మయ్య గారు కూడా నవ్వారు, కాస్త ఆలస్యంగా. - హరిబాబు


ఆమదాలవలస,
అక్టోబరు 20

మావయ్యకి,

ఈసారి నవ్వించలేను, క్షమించు. (హరిబాబు గారూ, మీకీ సెలవు.)

పుట్టగొడుగుల రంగు దిగిపోతోంది. వంకాయ రంగుండేవి, ఉతికిన గుడ్డల్లా వెలిసిపోతున్నాయి. బొత్తాలు పగలంతా మూసుకునే ఉంటున్నాయి. ముసలమ్మ చెయ్యి అంచుల్లో తెల్లబడింది. అమ్మ రోజూ దండం పెట్టి "తల్లీ, ఇచ్చుకోవే" అంటోంది. డాక్టర్ గారు రావడానికి నెల కూడా లేదు. వెలుగు తగ్గించమంటావా? పుస్తకం తగ్గించమంటోంది. నువ్వొక్క మాట చెబితే తగ్గిస్తాను.

బేగి రాయి.

దేవేంద్ర


నెల్లిమర్ల,
అక్టోబరు 26

ఒరే పిరికి గుంటడా,

తెల్లబడితే ఏడుస్తావేటిరా? గోగు కట్టలు నీట్లో నానీసి, నార తీసి, ఎండలో ఆరబెడితే ఏటవుతాది? మురికి దిగి తెల్లబడతాది. తెల్లగా మెరిస్తే ఒకటో రకం. నల్లగా ఉంటే అడుగు రకం. ముప్పయ్యేళ్ళనుంచి సూస్తన్నాను. నీ పగడాలకి నాసు పట్టి ఉంటాది. అది వదుల్తన్నాది. మంచి లచ్చనం.

తగ్గించకు. ఆయమ్మ వచ్చేటప్పటికి మల్లెపువ్వుల్లాగుంటాయి.

సీజను మొదలైపోనాది. కొత్త నార దిగతన్నాది. ఇంక తీరిక ఉండదు.

కూర్మయ్య


ఆమదాలవలస,
నవంబరు 18

తీర్పు

గోగునార న్యాయమూర్తి కూర్మయ్య గారి మీద ఆయన మేనల్లుడు విచారణ జరిపి చెప్పిన తీర్పు.

(హరిబాబు గారూ, కాటా దగ్గరివాళ్ళందరినీ పిలవండి. షావుకారు గారుంటే ఆయన్నీ కూర్చోబెట్టండి. ఇంత మంచి ఉత్తరం నేను మళ్ళీ రాయలేను.)

మృతులు: బొత్తాలు ఇరవై మూడు, పుట్టగొడుగులు ఎనిమిది, ముసలమ్మ చెయ్యి ఒకటి. అందరూ ఒకటో రకం తెలుపు. న్యాయమూర్తి గారు నాచు వదులుతోందన్నారు. వదిలింది. ఆ నాచే వాటికి అన్నం పెట్టేదని మొదటి ఉత్తరంలోనే మనవి చేసుకున్నాను.

మొన్న శనివారం డాక్టర్ అనూరాధ గారు వచ్చారు. తొట్టె ముందు నిలబడి, మర్యాదస్తురాలు కనక నవ్వలేదు. "అయ్యో, ఎప్పుడు పోయాయి?" అన్నారు. పరామర్శకి వచ్చినవాళ్ళలాగే కాఫీ ముట్టకుండా, వెళ్ళొస్తానని చెప్పకుండా వెళ్ళిపోయారు. నాన్న తిట్టలేదు. "రేపు ఏడున్నరకి కొట్టు తీస్తాను" అన్నారు. నిన్న తీశారు. నేను కూర్చున్నాను. ఈ తీర్పు బియ్యం బస్తా మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను.

విచారణలో బయటపడిన సాక్ష్యాలు. నిందితుడు వెలుగుతున్న లైటు ముందు కూర్చుని, వేశావా అని అడిగారు. వంకాయ రంగు పగడాన్ని మట్టిరంగన్నారు. మా ఇంట్లో మజ్జిగ పోసుకుంటూ గ్లాసు నిండిందో లేదో వేలు ముంచి చూసుకున్నారు. ఆయన కళ్ళజోడు ఆగస్టునుంచి ఇంటి దగ్గరే ఉంది. రెండేళ్ళుగా ఆయన చెయ్యి కాగితం కనిపించినప్పుడే తెగుతోంది. కంట్లో శుక్లాలున్నవాళ్ళకి నీలం వెలుగు పొగలా ఆనుతుందట. ఇది తెలుసుకోవడానికి నాకు ఫోనులో పది నిమిషాలు పట్టింది. చెప్పడానికి ఆయనకి రెండేళ్ళు చాలలేదు.

(ఈ కింది మాటలు నెమ్మదిగా, అందరికీ వినపడేలా చదవండి.)

కూర్మయ్య గారికి కళ్ళు కనపడవు. కనపడని కన్నుతో ఆయన నా బతుకుకి రకం కట్టారు. కాబట్టి నెల్లిమర్ల గొడౌనులో రెండేళ్ళుగా ఆయన చీటీ కట్టిన ప్రతి కట్టనీ విప్పి మళ్ళీ చూసుకోవలసిందిగా కొన్నవారందరికీ ఈ న్యాయస్థానం సలహా ఇస్తోంది.

సభ ముగిసింది.

దేవేంద్ర,
బియ్యం వర్తకుడు


నెల్లిమర్ల,
నవంబరు 27

దేవేంద్ర గారికి,

ఇది కూర్మయ్య గారు చెప్పి రాయించింది కాదు. నేనే రాస్తున్నాను.

మీరు రాసినట్టే అందరినీ పిలిచాను. షావుకారు గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మృతుల దగ్గర అందరూ నవ్వారు. మజ్జిగ గ్లాసు దగ్గర నవ్వు తగ్గింది. ఆ తర్వాత నేను చదవడం ఆపేశాను. షావుకారు గారు నా చేతిలోంచి కాగితం తీసుకుని మిగతాది తనే చదివారు. గట్టిగానే చదివారు.

కూర్మయ్య గారు లేచి, "కుర్రోడు ఎటకారానికి రాసినాడండి" అన్నారు. షావుకారు గారు గోడవారగా మూడు కుప్పలు పెట్టించారు. చేతులు వెనక్కి పెట్టుకోమని, "ముట్టుకోకుండా చెప్పు కూర్మయ్యా" అన్నారు.

ఆయన ముందుకి వంగి చూశారు. మొదటిది తప్పు చెప్పారు. రెండోది తప్పు చెప్పారు. మూడోది అసలు నార కాదు. పాత గోనెపట్టాలు. ఆయన "మధ్య రకం" అన్నారు. ఎవరూ నవ్వలేదు. మర్నాటినుంచి రానక్కర్లేదని చెప్పేశారు.

మీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. ఆయనకి చూపు తగ్గిందని నాకు తెలుసు. కాటావాళ్ళకీ తెలుసు. ఎవరం అనలేదు. ఆయన ఒక పోగు తీసి చెవి దగ్గర పెట్టుకుని తెంపేవారు. ఆ చప్పుడుకే రకం చెప్పేవారు. వేళ్ళ మధ్య పాముకునేవారు, వాసన చూసేవారు. ఈ రెండేళ్ళలో ఆయన చీటీ కట్టిన కట్ట ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. పుస్తకం రాసేవాణ్ణి నేనే.

బ్రాకెట్లలో మీరు నాకు రాసినవి ఎప్పుడూ పైకి చదవలేదు. షావుకారు గారూ చదవలేదు. అవి ఉన్నట్టు కూర్మయ్య గారికి తెలియదు. నేను చెప్పను.

హరిబాబు


ఆమదాలవలస,
డిసెంబరు 3

మావయ్యా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టాను. మొదటి మూడూ వేళాకోళంతోనే మొదలయ్యాయి. చింపేశాను. వేళాకోళం లేకుండా ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో నాకు ఎవరూ నేర్పలేదు.

హరిబాబు గారు అంతా రాశారు. అమ్మకి చెప్పాను. అమ్మ నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడుతోంది, మాట పెట్టడం లేదు.

తప్పు నీది కాదు. ముప్ఫై దగ్గర మొదలుపెట్టాలని ఉన్న పుస్తకం నా చేతిలోనే ఉంది. మీటరు తెచ్చుకోమని ఒకసారి, విశాఖ ఆయన్ని పిలవమని ఒకసారి నువ్వే చెప్పావు. పగడాలు తెల్లబడుతుంటే నాకు లోపల తెలుసు. తగ్గించే మీట నా చేతికి అందే దూరంలోనే ఉంది. నువ్వు చెప్పావు కదా అని ఊరుకున్నాను. చెడితే అనడానికి ఒక మనిషి ఉన్నాడని ఊరుకున్నానేమో.

ఆ తీర్పు సంగతి. మావయ్యా, కోపంలో నీకొక్కడికే రాశాను. నువ్వొక్కడివే వింటావనుకున్నాను. అందరి ముందూ చదువుతారని, షావుకారు ఉంటాడని కల్లో కూడా అనుకోలేదు. అమ్మ మీద ఒట్టు.

నన్ను తిట్టు. కాగితం మీద పెట్టి తిట్టు.

దేవేంద్ర


నెల్లిమర్ల,
డిసెంబరు 15

ఒరే దేవేంద్రా,

హరిబాబు ఆదివారమని ఇంటికి వచ్చినాడు. నీది సదివి వినిపించినాడు. మళ్ళీ సదవమన్నాను. రెండోపాలి సదువుతుంటే ఆడి గొంతు అదోలాగైపోనాది. జలుబంట.

నువ్వు అడక్కపోయినా సెప్తన్నాను. ఎందుకు దాసినానంటే, కంటికి కట్టు కట్టుకుని పది దినాలు ఇంట్లో కూకుంటే నా పీట మీద ఇంకొకడు కూకుంటాడని. ఈ సీజను దాటితే ఎవుడికీ తెలీకుండా ఆపరేషను సేయించుకుందామనుకున్నాను. పై సీజనుకి కూడా అలాగే అనుకున్నాను. నారతో భయం లేదు. నార సేతికి దొరుకుతాది. తెంపితే మాటాడతాది. నువ్వు లైటు సూడమన్నావు. వెలుగుని ముట్టుకోలేను కదరా.

రానని సెప్పీవలసింది. మీ నాన్న, మీ అమ్మ, నువ్వు, ముగ్గురూ నా మొకమే సూస్తన్నారు. ఈ కంటికి రంగు ఆనదని ఆ ఇంట్లో ఎలాగ సెప్తాను? అందుకే తిప్పమన్నాను. నీ పగడాలు నేనే సంపినాను.

నువ్వు రాసింది తప్పే. అయితే నాకొక్కడికే రాసినావు. ఇంట్లో మావని ఇంట్లో తిట్టినావు. అది బజార్న పడ్డాదంటే నా కర్మ, నీది కాదు. హరిబాబుని కూడా ఏటీ అనను. ఆడు గుమస్తా. ఇచ్చిన కాయితం సదివినాడు. మీ అమ్మకి నేను సెప్పానని సెప్పు, గుంటడితో మాటాడమని.

మనసులో ఏటీ పెట్టుకోకు. నాకూ లేదు.

కూర్మయ్య


ఆమదాలవలస,
జనవరి 24

మావయ్యకి,

ఆపరేషను బాగా జరిగిందని అత్త ఫోన్ చేసి చెప్పింది. అమ్మ నాతో మాట్లాడుతోంది, నీ పుణ్యాన. నీ డిసెంబరు ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

వేళాకోళం చేయకుండా ఒక నిజం చెబుతాను, అదే వేళాకోళంలా ఉంటుంది. తొట్టె కడిగి నాన్న కొట్టుకి మోయించారు. ఇప్పుడందులో సోనామసూరి పోశారు. పైన నీ దుర్వాసుడే వేలాడుతున్నాడు. నీలం తగ్గించి తెలుపు పెంచాను. బియ్యం ముత్యాల్లా మెరుస్తున్నాయి. వచ్చినవాళ్ళందరూ ముందు ఆ తొట్టె దగ్గరికే వెళ్తున్నారు. నాన్న మురిసిపోతూ, "మీ మావ సరైన లైటే ఏరినాడురా. నువ్వే తప్పు సరుకు పెట్టినావు" అంటున్నారు.

నేను గల్లా పక్కనే ఉన్నాను. డాక్టర్ అనూరాధ గారు వేరే ఎవరి చేతో తొట్టె కట్టించుకున్నారట. బాగుందట.

కట్టు విప్పాక ఒక ఆదివారం వస్తాను. నిన్ను చూడాలని ఉంది. నువ్వు నన్ను చూడాలని కూడా ఉంది.

దేవేంద్ర


నెల్లిమర్ల,
ఫిబ్రవరి 16

దేవేంద్రా,

ఇది నా సేతిరాత. రెండేళ్ళైపోనాది కలం పట్టి. గీతలు వంకర పోతన్నాయి, అక్షరాలు పెద్దవైపోతన్నాయి. సదువుకో.

ఒక కన్ను అయినాది. రెండోది వేసవి తర్వాత అన్నారు. కట్టు విప్పిన దినం జగ్గమ్మ ఎదర నిలబడ్డాది. దాని కోక నీలం. నేను రెండేళ్ళనుంచి మట్టిరంగనుకుంటన్నాను. లోకంలో ఇంత నీలం ఉన్నాదేటి అనిపించినాది. నీ లైటు గుర్తుకొచ్చినాది. తొంభై అంటే ఎంతో అప్పుడు తెలిసినాది. పాపం ఆటి ఒళ్ళు కాలిపోయుంటాది.

సదువుకోవచ్చని డాక్టరు సెప్పినాక మొదట ఏటి సదవాలా అనుకున్నాను. పేపరు కాదు, నీ ఉత్తరాలు తెమ్మన్నాను. హరిబాబు గొడౌనులో చీటీలు గుచ్చే ఇనప ఊసకి తగిలించి ఉంచినాడు. ఇమ్మంటే ఒకపాలి దొరకలేదన్నాడు. ఒకపాలి షావుకారు కాడ ఉన్నాయన్నాడు. ఎందుకలాగ అంటన్నాడో తెలీలేదు. నాలుగోపాలి తెచ్చిచ్చి, కూకోకుండా ఎల్లిపోనాడు.

వరసన పెట్టుకుని సదివినాను. మొదటిది సదివి నవ్వినాను. రెండోదాన్లో మధ్య మధ్య బ్రాకెట్ల గీతల్లో రాసిన ముక్కలు కనిపించినాయి. ఇవి ఆడు నాకు ఎప్పుడూ సదవలేదు కదా అనుకున్నాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ నవ్వించాలో ఆడికి సెప్తన్నావు. అదీ నవ్వొచ్చినాది.

నాలుగోది సదివినాను. కాటావోళ్ళని పిలవమన్నావు. షావుకారుంటే కూకోబెట్టమన్నావు. నెమ్మదిగా, అందరికీ వినపడాలన్నావు.

అయిదోది తీసి దాని పక్కన పెట్టినాను. నాకొక్కడికే అన్నావు. మీ అమ్మ మీద ఒట్టేసినావు. రెండు కాయితాలూ కిటికీ కాడ ఎండలో పెట్టి సూసినాను. కొత్త కన్ను కదా, పొరపాటేమోనని. రెండూ నీ దస్తూరీయే.

నా బాధ ఉద్యోగానికి కాదు. అది ఈ ఏడు కాపోతే పైయేడు పోయేదే. షావుకారు తప్పూ లేదు. డిసెంబరులో మనసులో ఏటీ లేదని రాయించినాను. అది నిజం. ఇప్పుడు ఉన్నాది, ఇదీ నిజం. అప్పుడు నా కళ్ళు లేకే మనసు బాగున్నాది.

మీ అమ్మకి ఇది సూపించకు. ఒట్టు సంగతి దానికి తెలీకూడదు. ఆదివారం రావొద్దు. నేనే రమ్మంటాను, ఎప్పుడనిపిస్తే అప్పుడు.

మొదటి ఉత్తరానికి రకం తర్వాత సెప్తానన్నాను. చీటీ కట్టకుండా నా గుమ్మం ఏదీ దాటదు కదా.

చీటీ
కట్ట: దేవేంద్ర ఉత్తరాలు, ఆరు.
రంగు: తెలుపు.
మెరుపు: ఉన్నాది.
బలం: లేదు.
రకం: అడుగు.

ఈసారి ముట్టుకోకుండానే సెప్పినాను.

కూర్మయ్య